కొత్త భాష నేర్చుకుందామా? పర్లాకిమిడి మేష్టారు చూపిన దారి



శ్రీకాకుళం నుంచి సీతంపేట దారి పట్టి వెళితే, కొంతదూరం పోయేసరికి పచ్చని కొండలు మొదలవుతాయి. సంతరోజున ఆ కొండల మీదినుంచి సవరలు దిగివస్తారు. చింతపండు, పసుపు, అనాసపళ్ళు, కొండచీపుళ్ళు అమ్మకానికి తెస్తారు. మనతో బేరమాడేటప్పుడు వాళ్ళు తెలుగే మాట్లాడతారు. బేరం అయిపోయాక తమవాళ్ళవైపు తిరిగి ఏదో అంటారు చూశారూ, అందులో మనకు ఒక్క ముక్కయినా బోధపడదు. మాట చెవిదగ్గరే ఉన్నది. అర్థం మాత్రం కొండకు అవతల ఉన్నది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మీ అప్ప ఫోను ముందు పెట్టుకుని కొరియా సీరియలు చూస్తూ ఉంటుంది. అందులో వాళ్ళు నవ్వుతారు, ఏడుస్తారు, పోట్లాడుకుంటారు. కింద వచ్చే అక్షరాలు చదివితేగాని సంగతేమిటో తెలియదు. "అబ్బ! ఈ భాష నాకూ వస్తే ఎంత బాగుండును!" అనిపిస్తుంది.

సవర భాష మన పక్క కొండలది. కొరియా భాష సముద్రాలకు అవతలిది. ఈ రెండింటికీ చుట్టరికం లేదు. కాని రెండింటి ముందూ మనం అడిగే ప్రశ్న ఒకటే: తెలియని భాష తెలుసుకోవడమెట్లా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల మనిషి ఒకాయన మన ప్రాంతంలోనే పుట్టాడు. ముందు ఆయన కథ వినండి. తరువాత ఆ దారినే మనం కొరియాదాకా నడిచివెళదాం.

పుస్తకం లేని భాష

వంశధార ఒడ్డున శ్రీముఖలింగం ఉన్నది గదా. దానికి దగ్గరలోనే పర్వతాలపేట అనే ఊరు ఉన్నది. అక్కడ 1863 ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి గారు పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో మహారాజావారి ఇంగ్లీషు స్కూల్లో చదువుకున్నారు. అదే బడిలో ఆయనకు తోటి విద్యార్థి ఎవరనుకున్నారు? గురజాడ అప్పారావు గారు! 1879లో మెట్రిక్యులేషను ప్యాసయి, మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మేష్టారుగా చేరారు. పిల్లలకు చరిత్ర చెప్పేవారు.

ఆయనకు మొదటినుంచీ ఒక గుణం ఉన్నది. తెలియని అక్షరం కనబడితే ఊరుకోలేరు. ముఖలింగం గుళ్ళలో రాళ్ళమీద పాతకాలపు శాసనాలు ఉన్నాయి. ఆ లిపి చదవడం తనంతట తానే నేర్చుకున్నారు. రాతిమీది మాట తెలుసుకున్నవారికి, దగ్గరి అడవుల్లో బతుకుతున్న మనుషుల మాట తెలుసుకోవాలనిపించడంలో వింతేమున్నది? సవరల భాష నేర్చుకోవాలి, వాళ్ళ పిల్లలకు వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలి అనుకున్నారు.

అయితే ఎట్లా నేర్చుకోవాలి? అప్పటికి సవర భాషకు లిపి లేదు. వాచకాలు లేవు. వ్యాకరణం లేదు. నిఘంటువు లేదు. ఇప్పుడు మనకున్నట్టు ఫోనూ, రికార్డులూ అసలే లేవు. ఉన్నది ఒక్కటే: ఆ భాష మాట్లాడే మనుషులు.

రామమూర్తి గారు ఏం చేశారో తెలుసా? తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషినొకణ్ణి తీసుకువచ్చి తమ ఇంట్లోనే ఉంచుకున్నారు. ఆయనే గురువు, ఆయనే పుస్తకం. బడిలో పంతులు అయిన రామమూర్తి గారు ఇంటికి రాగానే శిష్యుడైపోయేవారన్నమాట.

అంతటితో ఆగలేదు. సవరలుండే కొండలవైపు వెళ్ళేవారు. ఆ రోజుల్లో ఆ అడవుల్లో మలేరియా జ్వరం ఎక్కువ. ఆయనకూ ఆ జ్వరం పట్టుకున్నది. అప్పటికి దానికి మందు క్వినైనే. క్వినైను ఎక్కువగా వాడితే చెవులకు చెరుపు చేస్తుంది. ఆయనకు వినికిడి దెబ్బతిన్నది. చూశారా, చెవితో భాష నేర్చుకున్న మనిషి ఆ భాష కోసమే చెవిని పోగొట్టుకున్నాడు! అయినా ఆయన పని మానలేదు.

సవర భాషలో చిన్న పుస్తకాలు రాశారు. సొంత డబ్బు పెట్టి బడులు నడిపారు, పంతుళ్ళకు జీతాలిచ్చారు. సుమారు 35 ఏళ్ళు కష్టపడి ఇంగ్లీషులో సవర భాషకు వ్యాకరణం తయారు చేశారు. మద్రాసు ప్రభుత్వంవారు దాన్ని 1931లో అచ్చువేశారు. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. ఆయన కుమారుడు సీతాపతి గారు కూడా సవర భాషమీద ఎంతో కృషి చేశారు.

మన పాఠ్యపుస్తకాలు ఈనాడు మనం మాట్లాడే తెలుగుకు దగ్గరగా ఉన్నాయంటే అందుకు పోరాడినవారిలో రామమూర్తి గారు ముఖ్యులు. అందుకే ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషాదినం జరుపుకుంటాము. ఆ పోరాటం వేరే పెద్ద కథ. మనకిప్పుడు కావలసింది, ఒక భాషలోకి ఆయన ప్రవేశించిన దారి.

ఆ దారిలో అయిదు మెట్లు ఉన్నాయనుకోండి. కొరియా భాషను పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కుదాం.

మొదటి మెట్టు: ముందు చెవి, తరువాత కలం

పసిపిల్లవాడు మాట్లాడే ముందు ఏడాదిపాటు వింటాడు. మనమేమో కొత్త భాష అనగానే పుస్తకం కొని, మొదటి రోజునే రాయడం మొదలుపెడతాము. అట్లా చేస్తే ఆ భాష శబ్దాలకు బదులు మన తెలుగు శబ్దాలే నోటికి వస్తాయి.

ఒక ప్రయోగం చేయండి. సన్నని కాగితం ముక్క పెదవుల ముందు వేలాడేటట్టు పట్టుకోండి. "పలక" అనండి. కాగితం అంతగా కదలదు. ఇప్పుడు "ఫలం" అనేటప్పుడు ఫ ను ఒత్తి, పెదవులు కలిపి గట్టిగా పలకండి. కాగితం ఎగిరిపడుతుంది. ఒత్తు అక్షరం పలికేటప్పుడు నోట్లోంచి గాలి విసురుగా వస్తుందన్నమాట.

కొరియా భాషలో ఈ గాలి తేడాతో అర్థాలే మారిపోతాయి. "తాల్" అని తేలికగా అంటే చంద్రుడు. గొంతు బిగించి, గాలి బయటికి రాకుండా "త్తాల్" అంటే కూతురు. గాలి విసిరి "థాల్" అంటే నాటకాల్లో ముఖానికి తగిలించుకునే బొమ్మముఖం. మీ కూతురు బాగున్నదా అని అడగబోయి మీ చంద్రుడు బాగున్నాడా అని అడిగితే ఎంత నవ్వులాట! కాగితం ముక్క ముందు పెట్టుకుని ఈ మూడు మాటలూ రోజూ సాధన చేయండి.

వినడానికి ఒక చిట్కా ఉన్నది. పది కథలు ఒక్కొక్కసారి వినడంకన్నా, రెండు నిమిషాల సంభాషణ ఒక్కటి పదిసార్లు వినడం మేలు. మొదటిసారి అంతా గాలివాన చప్పుడులా ఉంటుంది. అయిదోసారికి మాటకూ మాటకూ మధ్య సందు కనబడుతుంది. పదోసారికి మీ నోరే వాళ్ళ వెంట నడుస్తుంది. అప్పుడు వాళ్ళు అంటూ ఉండగానే మీరూ అనండి. సవర మాట పట్టుకోవడానికి రామమూర్తి గారు ఆ మనిషిని ఇంట్లో పెట్టుకోవలసి వచ్చింది. మీకా శ్రమ లేదు. రికార్డు ఎన్నిసార్లయినా విసుక్కోకుండా చెబుతుంది!

రెండవ మెట్టు: శబ్దానికి గుర్తు

సవర భాషలో గొంతులో గాలిని చటుక్కున ఆపి పలికే శబ్దం ఒకటి ఉన్నది. మన తెలుగులో దానికి అక్షరం లేదు. లేదని ఆ శబ్దాన్నే వదిలేస్తే అది సవర భాష కాకుండా పోతుంది. ఉన్న అక్షరాలతో సరిపెట్టుకోక, కొత్త శబ్దానికి కొత్త గుర్తు పెట్టుకోవాలి. 1931 నాటి వ్యాకరణం పేరులోనే "సోరా" అన్న మాటలో దీర్ఘాలు తెలియడానికి అక్షరాల పక్కన రెండేసి చుక్కలు పెట్టి ఉన్నాయి. అంత జాగ్రత్త!

సవరలకు తమ సొంత లిపి 1936లో ఏర్పడింది. మాంగెయ్ గొమాంగో అనే సవర పెద్ద దాన్ని కల్పించాడు. దాని పేరు సొరాంగ్ సొంపెంగ్. అందులో 24 అక్షరాలు ఉన్నాయి.

కొరియాలోనూ ఇటువంటిదే జరిగింది. కాకపోతే చాలా ముందు జరిగింది. పూర్వం కొరియావాళ్ళు చీనా అక్షరాలతో రాసేవాళ్ళు. ఆ అక్షరాలు వేలకొద్దీ ఉండేవి. రైతులకూ, ఇంటి ఆడవాళ్ళకూ నేర్చుకునే తీరిక ఎక్కడిది? సెజోంగ్ అనే రాజు దానికి విచారించి 1443లో కొత్త లిపి చేయించి, 1446లో ప్రజలకు ప్రకటించాడు. అప్పుడు 28 అక్షరాలు. ఇప్పుడు మూలాక్షరాలు 24. దాన్ని హంగుల్ అంటారు. దక్షిణ కొరియాలో అక్టోబరు 9న లిపి పండుగ చేస్తారు. మనకు ఆగస్టు 29 ఎట్లాగో వాళ్ళకు అక్టోబరు 9 అట్లాగన్నమాట.

ఆ అక్షరాల్లో ఒక చమత్కారం ఉన్నది. పలికేటప్పుడు నోరు ఎట్లా ఉంటుందో అక్షరం అట్లా ఉంటుంది. ఒక కాగితం తీసుకోండి, రాసి చూద్దాం.

మ అక్షరం: ఒక చిన్న చతురం గీయండి. అది మూసిన నోరు.

న అక్షరం: ఒక నిలువుగీత గీసి, దాని అడుగునుంచి కుడివైపుకు అడ్డగీత లాగండి. "న" అనేటప్పుడు నాలుక కొస పైకి లేచి పళ్ళ వెనక తగులుతుంది. ఆ నాలుక బొమ్మే ఇది.

క అక్షరం: పైన అడ్డగీత గీసి, దాని కుడి కొసనుంచి కిందికి గీత దించండి. నాలుక వెనకభాగం లేచి గొంతును మూసిన బొమ్మ ఇది.

స అక్షరం: పాక కప్పులాగా రెండు ఏటవాలు గీతలు. అది పన్ను ఆకారం.

ఇక ఒక గుండ్రని సున్న ఉన్నది. అది గొంతు ఆకారం. అక్షరం మొదట ఉంటే దానికి చప్పుడు లేదు. చివర ఉంటే, మన "రంగు" అనే మాటలో సున్న ఎట్లా పలుకుతుందో సరిగా అట్లాగే పలుకుతుంది! వాళ్ళ సున్నా మన సున్నా ఇక్కడ కలుసుకున్నాయి.

క కు లోపల ఒక గీత చేరిస్తే ఒత్తు ఖ అవుతుంది. మనం ద కింద గీత పెట్టి ధ చేసుకోవడం లేదూ?

అచ్చులు ఇంకా సులువు. నిలువుగీత ఒక్కటే గీస్తే ఇ. ఆ గీత మధ్యలో కుడివైపుకు చిన్న గీత పెడితే ఆ. అడ్డగీత మీద చిన్న నిలువుగీత నిలబెడితే ఓ; అడ్డగీత కింద వేలాడదీస్తే ఊ. తెలుగులో లేని అచ్చులు రెండు ఉన్నాయి. "ఓ" అనబోతూ పెదవులు గుండ్రంగా చుట్టకుండా అంటే ఒకటి వస్తుంది. "ఊ" అనబోతూ పెదవులు "ఈ"కి చాపినట్టు చాపి అంటే రెండోది వస్తుంది. అద్దం ముందు నిలబడి ప్రయత్నించండి. మీ నోటి పుస్తకంలో వాటికి మీరే రెండు గుర్తులు పెట్టుకోండి.

ఇంగ్లీషులో అక్షరాలు వరసగా పేరుస్తారు. కొరియాలో హల్లూ అచ్చూ కలిపి ఒక గడి కడతారు. మనం న కు దీర్ఘమిస్తే "నా" అయినట్టే, వాళ్ళు న బొమ్మ పక్కన ఆ గీత నిలబెడితే "నా" అవుతుంది. గుణింతం తెలిసిన తెలుగుపిల్లకు ఇది కొత్తే కాదు. ఒక పది రోజులు, రోజుకు అరగంట చొప్పున కూచుంటే హంగుల్ చదవడం వస్తుంది.

ఒక హెచ్చరిక సుమా! కొరియా మాటలను తెలుగులో రాసుకునే అలవాటు మొదటి వారానికే చాలు. ఆ తరువాత మానేయండి. లేకపోతే చేతికర్ర పట్టుకుని నడిచినవాడు ఎప్పటికీ చేతికర్ర వదలనట్టు అవుతుంది. ఈ వ్యాసంలో నేను తెలుగులో రాసిన పలుకులు కూడా దగ్గర పలుకులే. అసలు పలుకు వాళ్ళ నోటనే వినాలి.

మూడవ మెట్టు: మాటలు కాదు, వాక్యాలు

"ఇది ఏమిటి?" అని చెట్టువైపు వేలు చూపించి అడిగితే, ఎదుటివాడు "వేలు" అని జవాబు చెప్పవచ్చు! విడిమాటలు పోగుచేసుకునేవారికి ఇటువంటి తిప్పలు ఎన్నో వస్తాయి. అందుకని ఒక చిన్న వాక్యం పట్టుకోండి. అందులో ఒక్క మాట మార్చి చూడండి.

కొరియాలో "నానున్ హాక్యోయె గాయో" అంటే "నేను బడికి వెళతాను." ఇందులో "హాక్యో" అంటే బడి. చివర "యె" అన్నది మన "కి". "గాయో" అంటే వెళతాను. ఇప్పుడు బడి తీసేసి ఇల్లు పెడదాం: "నానున్ జిబె గాయో", నేను ఇంటికి వెళతాను. బజారు పెడదాం: "నానున్ షిజాంగె గాయో", నేను బజారుకు వెళతాను. ఒక్క అచ్చులో మూడు ఇటుకలు తయారయ్యాయి, చూశారా? ఇట్లా వారానికి రెండు అచ్చులు సంపాదిస్తే చాలు, ఏడాదికి వంద అచ్చులు. వాటిలో వేలకొద్దీ ఇటుకలు పోయవచ్చు.

ఇందులో ఇంకొక సంగతి గమనించారా? మాటల వరస తెలుగు వరసే. నేను, బడికి, వెళతాను. క్రియ చివరనే వచ్చింది. "కి" అనే విభక్తి మాట వెనకనే వచ్చింది. ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు మనం వాక్యాన్ని తలకిందులు చేయవలసి వస్తుంది. కొరియా భాషకు ఆ శ్రమ లేదు. తెలుగులో ఆలోచించి, ఆ వరసనే మాటలు పేర్చవచ్చు.

"నానున్" అన్న మాట విని మన శ్రీకాకుళం పిల్లలు ఈసరికే నవ్వుతూ ఉంటారు. పల్లెల్లో మన అవ్వలు "నేను" అనరు గదా, "నాను" అంటారు. కొరియాలో "నా" అంటే నేను. "నున్" అనేది వెనక చేరిన ప్రత్యయం. అమ్మను వాళ్ళు "అమ్మా"కు దగ్గరగానే పిలుస్తారు. నాన్నను "అప్పా" అంటారు. జాగ్రత్త! మన ఊళ్ళో అప్ప అంటే అక్క. కొరియా ఇంటికి వెళ్ళి "అప్పా!" అని పిలిస్తే లోపలినుంచి నాన్నగారు వస్తారు!

ఇట్లా పోలికలు చూసి ఈ రెండు భాషలూ ఒక తల్లి పిల్లలే కాబోలు అనుకున్నవాళ్ళు ఉన్నారు. హల్బర్ట్ అనే అమెరికా పండితుడు కొరియాలో ఉండి, కొరియా భాషనూ ద్రావిడభాషలనూ పోల్చి 1905లో ఒక పుస్తకమే అచ్చువేశాడు. కాని భాషాశాస్త్రజ్ఞులు ఈ చుట్టరికాన్ని ఒప్పుకోలేదు. ముఖం పోలిక ఉన్నంతమాత్రాన అన్నదమ్ములు కారు గదా. పసిపిల్లలు ఏ దేశంలోనైనా మొదట మా, పా అనే శబ్దాలే సులువుగా పలుకుతారు. కాబట్టి అమ్మ మాటలు ఎన్నో భాషల్లో ఒక్కలాగే ఉంటాయి. చుట్టరికం లేకపోయినా పోలిక మనకు ఉపయోగమే. జ్ఞాపకం పెట్టుకోవడానికి అది కొక్కెంలాగా పనికివస్తుంది.

పోలికలు వెదకండి, తేడాలు కూడా వెదకండి. సవరల లెక్క చూడండి. అబొయ్ అంటే ఒకటి, బాగు అంటే రెండు, యాగి అంటే మూడు. పన్నెండుకు మిగ్గల్ అని ఒక మాట ఉన్నది. పదమూడు అనడానికి మనం పదీ మూడూ కలుపుతాము. వాళ్ళు పన్నెండూ ఒకటీ కలుపుతారు. పందొమ్మిది అంటే పన్నెండూ ఏడూ. ఇరవై దాటాక ఇరవైలతో లెక్కపెడతారు. సవరపిల్లవాడు తెలుగుబడిలో లెక్కలకు తడబడితే వాడు మొద్దు అనుకోకండి. ఇంట్లో ఒక విధమైన లెక్క, బడిలో ఇంకొక విధమైన లెక్క, రెండూ మోస్తున్నాడు వాడు. వాళ్ళ భాషలోనే బడి పెట్టాలని రామమూర్తి గారు ఎందుకు పట్టుబట్టారో ఇప్పుడు తెలిసిందా?

నాలుగవ మెట్టు: మరిచిపోకముందే తట్టి లేపడం

నిన్న నేర్చుకున్న మాట ఈవేళ గుర్తులేదని దిగులుపడకండి. జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఆయన అర్థంలేని అక్షరాల ముక్కలు తయారుచేసుకుని, వాటిని బట్టీపట్టి, ఎంతసేపటికి ఎన్ని మరిచిపోతున్నాడో తనమీద తానే పరీక్ష చేసుకున్నాడు. 1885లో ఆ సంగతులు అచ్చువేశాడు. ఆయన కనిపెట్టినది ఇది: నేర్చుకున్న మొదటి గంటల్లోనే మరుపు ఎక్కువ; తరువాత మరుపు వేగం తగ్గుతుంది. ఒక్కనాడే అదేపనిగా వల్లెవేయడంకన్నా, రోజుల ఎడంతో వల్లెవేస్తే బాగా నిలుస్తుంది.

దీన్ని ఇట్లా వాడుకోండి. అట్టముక్కలు చిన్నచిన్నవిగా కత్తిరించండి. ఒక వైపు కొరియా వాక్యం, రెండో వైపు తెలుగు రాయండి. అగ్గిపెట్టెలంత పెట్టెలు నాలుగు సంపాదించండి. మొదటి పెట్టెలోవి రోజూ చూడాలి. రెండో దానిలోవి మూడు రోజులకు ఒకసారి. మూడో దానిలోవి వారానికి ఒకసారి. నాలుగో దానిలోవి నెలకు ఒకసారి. గుర్తున్న ముక్క ముందు పెట్టెలోకి పోతుంది. మరిచిన ముక్క మళ్ళీ మొదటి పెట్టెకు వస్తుంది. రోజుకు పావుగంట పడుతుంది. ఆదివారం నాలుగు గంటలు కూచోవడంకన్నా రోజుకు పావుగంట ఎంతో మేలు.

అయిదవ మెట్టు: సిగ్గు విడిచి మాట్లాడడం, మర్యాద తెలిసి మాట్లాడడం

తప్పు వస్తుందేమోనని నోరు మూసుకు కూచున్నవాడికి ఏ భాషా రాదు. బడిలో అందరికీ పాఠం చెప్పే మేష్టారు ఇంట్లో సవరమనిషి ముందు కూచుని తప్పులు దిద్దించుకున్నారంటే, మనకు సిగ్గేమిటి?

అయితే మర్యాద మరవకూడదు. "నువ్వు", "మీరు" అన్న తేడా మనకు ఉన్నట్టే కొరియావాళ్ళకూ ఉన్నది. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు క్రియ చివర "యో" చేరుస్తారు. మన "అండీ" లాంటిదే. స్నేహితుడితో "కా" అన్నా సరిపోతుంది. తాతగారితో అట్లా అంటే "వీడికి ఇంట్లో ఏమీ నేర్పలేదా?" అనుకుంటారు. కొత్తగా నేర్చుకునేవారు అందరితోనూ "యో" వాడితే ఏ చిక్కూ లేదు. పలకరింపు "అన్న్యంగ్ హసెయో". క్షేమంగా ఉన్నారా అని దాని భావం. కృతజ్ఞత చెప్పడానికి "కమ్సహమ్నిదా".

వరసలు పెట్టి పిలవడం మనకు ఎంత ఇష్టమో వాళ్ళకూ అంత ఇష్టం. అన్నగారిని ఆడపిల్ల "ఒప్పా" అంటుంది, మగపిల్లవాడు "హ్యంగ్" అంటాడు. అక్కను ఆడపిల్ల "ఒన్నీ" అంటుంది, మగపిల్లవాడు "నూనా" అంటాడు. పిలిచేవాళ్ళను బట్టి పిలుపు మారుతుందన్నమాట.

మాట్లాడడానికి తోడు దొరకకపోతే ఇద్దరు స్నేహితులు కలిసి నేర్చుకోండి. ఈవేళ నువ్వు దుకాణదారువు, నేను కొనేవాణ్ణి, రేపు తారుమారు. ఇంకా మంచి ఉపాయం, నేర్చుకున్నది తమ్ముడికో చెల్లెలికో నేర్పడం. నేర్పేటప్పుడే మనకు ఏది రాదో తెలుస్తుంది. రామమూర్తి గారూ నేర్చుకున్నంతలో ఆగక, సవర పిల్లలకు వాచకాలు రాశారు గదా.

పెద్దలకు ఒక మాట

తల్లిదండ్రులు అడగవచ్చు: "మనకెందుకండీ కొరియా భాష?" పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కొరియావారి కియా మోటారుకార్ల కర్మాగారం 2019లో పని ప్రారంభించింది. కొరియావాళ్ళు మన రాష్ట్రంలోనే మనవాళ్ళ పక్కన పనిచేస్తున్నారు. 2020 నాటి జాతీయ విద్యావిధానం, హైస్కూలు పిల్లలు కోరితే నేర్చుకోదగిన విదేశీభాషల్లో కొరియా భాషను కూడా పేర్కొన్నది. కాబట్టి ఇది వట్టి సరదా కాదు. పిల్లలు అద్దం ముందు వింత శబ్దాలు చేస్తూ ఉంటే కోప్పడకండి. వీలయితే పక్కన కూచుని మీరూ ఆ పావుగంట నేర్చుకోండి.

రెండో మాట ఇంకా ముఖ్యమైనది. "నాను" అన్న అవ్వ మాట విని నవ్వే పిల్లవాడు ఏ భాషనూ గౌరవించలేడు. ఇంట్లో మాటను చిన్నచూపు చూడనివ్వకండి. కొండమీది మాటనూ చూడనివ్వకండి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరింది. అది ఆంధ్రదేశంలోనే ఉండాలని వాదించిన రామమూర్తి గారు, డెబ్బై ఏళ్ళు దాటిన వయసులో, యౌవనంనుంచీ ఉన్న ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. పోయేనాటికి ఆయన సవర వ్యాకరణమూ నిఘంటువూ రెండూ అచ్చయి ఉన్నాయి. ఆ కొండల మాట కాగితంమీద నిలిచిపోయింది.

బాలలూ, ఇప్పుడు మీ పని చెబుతాను. ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఎడమవైపు పేజీలో ఈ నెల రోజుల్లో ఇరవై కొరియా వాక్యాలు రాయండి. కుడివైపు పేజీలో మీ బడిలోనో, సంతలోనో సవరవాళ్ళు ఉంటే, వాళ్ళనడిగి ఇరవై సవర మాటలు రాయండి. సవరవాళ్ళు లేకపోతే మీ అవ్వ నోట వచ్చే పల్లెమాటలు ఇరవై రాయండి. అడిగేటప్పుడు నవ్వకండి, చెప్పినది మళ్ళీ అని, సరిగా అన్నానా అని అడగండి. మీరు తప్పుగా అంటే వాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. తరువాత మళ్ళీ చెబుతారు. సరిగా పలికిన రోజున వాళ్ళ ముఖం ఎట్లా వెలుగుతుందో చూడండి. మేష్టారు అంత కష్టపడింది ఎందుకో అప్పుడు మీకే తెలుస్తుంది.